ప్రవక్తల మాటకు మూలం ఎక్కడ?

గుంటూరు జిల్లాలో చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెం అనే ఊరు ఉంది. అక్కడి మాదిగ కుటుంబాలలో కొన్ని తమను ‘బెనె ఎఫ్రాయిము’ అని, అనగా ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొంటాయి. వారు శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. హీబ్రూలో ప్రార్థన చేస్తారు. 1991లో అక్కడ యూదుల ప్రార్థనామందిరం, సినగాగు, వెలిసింది. దానికి పూనుకొన్నవారు శ్మూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే సోదరులు. అంతకు పూర్వం ఆ కుటుంబాలవి బాప్తిస్టు క్రైస్తవ సంప్రదాయాలే. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వారి మధ్య ఉండి పరిశీలించి, 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. తెలుగులో మాత్రం మనవాళ్లు పత్రికా వార్తలను దాటి పోలేదు.

మన మిత్రులలో ఈ ఊరి ప్రసక్తి వస్తే నవ్వు వినబడుతుంది. విదేశాలకు పోయే ఎత్తుగడ అని ఒకరంటారు. మతం మీద మతం మార్చే మౌఢ్యం అని ఇంకొకరంటారు. భక్తులైతే, ప్రవచనాలు నెరవేరుతున్నాయనడానికి ఇది రుజువని చెబుతారు. ఈ మూడు అభిప్రాయాలూ విచారణ జరపకుండా తేల్చేసినవే. అక్కడివారు చేసిన పని ఒకటుంది: తమకు అనువాదంలో అందిన గ్రంథాన్ని పట్టుకొని, దాని హీబ్రూ మూలం దాకా నడవాలనుకొన్నారు. ఆ నడక వారిని వంశవృక్షం దగ్గరకు చేర్చింది. అదే దారిలో ఇంకా కొంచెం ముందుకు పోతే వంశం కన్న విలువైనది దొరుకుతుందని నా అభిప్రాయం. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ని. హీబ్రూ నిఘంటువులూ వ్యాఖ్యానాలూ దగ్గర పెట్టుకొని చదివినంత మేరకు ఇక్కడ విన్నవిస్తాను.

ముందు ఈ నేల సంగతి. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయనకు దారి చూపినవాడు యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారి. 1876-78 నాటి మహాకరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కంట్రాక్టు తీసుకొని కూలీలకు పని కల్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీనిని పరిశుద్ధాత్మ విజయమని మిషను చరిత్రలు రాసుకొన్నాయి. గంజి కోసం మతం మారారని ఇతరులు ఈసడించారు. కాని పేరయ్య కరువుకు పదేళ్ల ముందే క్రైస్తవుడయ్యాడు. అంతకుముందు ఒక యోగి గురువు శిష్యుడు. విగ్రహాలను, కులభేదాన్ని కాదని ఏకదేవుణ్ని బోధించే గురువుల చుట్టూ ఈ ప్రాంతపు మాదిగలు అప్పటికే తిరుగుతున్నారని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన గ్రంథంలో వివరంగా చూపింది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యులలో దూదేకుల సిద్ధయ్యతో బాటు మాదిగ కక్కయ్య పేరు మన జనానికి తెలిసిందే గదా.

అంటే, బైబిలు ప్రవక్తలు ఈ పల్లెలకు వచ్చేనాటికి ఇక్కడ కాలజ్ఞానం ఉంది. రాబోయేదాన్ని ముందుగా చెప్పేవాడే మహానుభావుడు. ఊళ్లో ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు చెప్పనే చెప్పారు’ అనే అలవాటు మనకు నేటికీ పోలేదు. యెషయా, హోషేయ, యెహెజ్కేలు కూడా అదే చెవితో వినబడ్డారు.

అనువాదం సంగతి కూడా చెప్పుకోవాలి. బెంజమిన్ షుల్ట్జ్ 1732 నాటికి బైబిలును తెనిగించినా అది అచ్చుకాలేదు. విశాఖపట్నంలో డెగ్రాంజెస్, బ్రాహ్మణుడైన ఆనందరాయరు తోడ్పాటుతో చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అప్పటి నుంచి తెలుగు బైబిలుకు పండితుల గ్రాంథికమే పలుకుబడి అయింది. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. మా తరగతులలో గ్రాంథికం వినగానే బెదరని పిల్లలు కొందరుంటారు. విచారిస్తే ఆదివారం బైబిలు విని పెరిగినవాళ్లని తేలుతుంది. బడిగడప తొక్కనివ్వని కులాలకు గ్రాంథిక భాష గుడి ద్వారా గాక చర్చి ద్వారా అందింది. గిడుగువారి శిష్యులు దీని గురించి ఆలోచించారో లేదో గాని, నాకిది చిన్న విషయంగా తోచదు. అయితే ఈ లాభానికి ఒక నష్టం జత అయింది. గొర్రెలు కాసుకొనే ప్రవక్త కూడా తెలుగులో ఆస్థాన పండితుడిలా మాట్లాడుతాడు.

హీబ్రూ మాటల నిర్మాణం మనకు పూర్తిగా అపరిచితం కాదు. అది అరబ్బీకి సోదర భాష. అరబ్బీ మాటలు రెవెన్యూ కచేరీల గుండా మన రైతు నోటికి వచ్చాయి. తహసీలు, మహసూలు, హాసిలు అనే మూడు మాటలు ‘హ-స-ల’ అనే ఒకే మూడు హల్లుల ధాతువుకు పుట్టినవి. అచ్చులు మారుతుంటాయి, ముందూ వెనకా ప్రత్యయాలు చేరుతుంటాయి, హల్లుల ఎముకలు మాత్రం నిలుస్తాయి. హీబ్రూ కూడా ఇంతే. అందువల్ల ఆ భాషలో ఒక మాట అంటే దాని చుట్టాలన్నీ చెవిలో మోగుతాయి. ప్రవక్తలు ఈ మోతను బాగా వాడుకొన్నారు.

మొదట ‘ప్రవక్త’ అనే మాటనే చూద్దాం. హీబ్రూలో ‘నాబీ’. దీని మూలం అక్కాడు భాషలోని ‘పిలుచు’ అనే ధాతువుతో ముడిపడి ఉన్నదని చాలామంది పండితుల అభిప్రాయం. పిలవబడినవాడు, లేదా పిలిచి చెప్పేవాడు. సంస్కృతంలో ప్రవక్త అన్నా చక్కగా చెప్పేవాడనే గాని జోస్యుడు కాదు. జోస్యం అనే అర్థం ధాతువులో లేదు; వినేవారి అవసరంలో ఉంది.

దీనికి పేరుమోసిన ఉదాహరణ యెషయా ఏడవ అధ్యాయం. అందులో శిశువును కనబోయే స్త్రీకి హీబ్రూ మాట ‘అల్మా’, అంటే వయసు వచ్చిన యువతి. పురుష స్పర్శ ఎరగనిది అని నొక్కి చెప్పడానికి ‘బెతూలా’ అనే వేరే మాట ఉంది. గ్రీకు అనువాదకులు ‘పార్థెనోస్’ అన్నారు. తెలుగులో ‘కన్యక’ అయింది. 1952లో అమెరికాలో వెలువడిన సవరణ బైబిలు ‘యువతి’ అని అచ్చువేస్తే, ఉత్తర కరోలినాలో ఒక పాస్టరు ఆ పుటను పదిమంది ఎదుట తగలబెట్టాడు. ఈ తగవు అందరూ ఎరిగినదే. తగవులో పడి అందరూ మరచిన విషయం, ఆ అధ్యాయంలోని అసలు సందర్భం. క్రీ.పూ. 735 ప్రాంతంలో సిరియా రాజు, ఎఫ్రాయిము రాజు ఏకమై యూదా రాజ్యంపైకి దండెత్తారు. భయపడిన ఆహాజు రాజుకు ప్రవక్త ధైర్యం చెబుతున్నాడు: పుట్టబోయే బిడ్డకు మంచిచెడ్డలు తెలిసే లోపలే ఈ ఇద్దరు రాజుల దేశాలు పాడుబడతాయని. ఆనాటి రాజకీయాలకు చెప్పిన మాట అది. ఇందులో ఎఫ్రాయిము అంటే తప్పిపోయిన బిడ్డ కాదు, దండెత్తివచ్చిన పొరుగు రాజ్యం!

ఆ ఎఫ్రాయిము రాజ్యం ఎటువంటిది? దీనికి సాక్షి ఆమోసు. క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్దం వాడు. యూదాలోని తెకోవ గ్రామస్థుడు. పశువుల మంద, మేడిపండ్లు అతని జీవనాధారం. తాను వృత్తి ప్రవక్తను కానని, ప్రవక్త కొడుకును కూడా కానని బేతేలు పూజారికి మొగం మీదనే చెప్పాడు. ఉత్తరాదికి పోయి షోమ్రోను ధనవంతులను దుయ్యబట్టాడు. వారి దంతపు మంచాలు, గిన్నెల కొద్దీ ద్రాక్షారసం, మేలైన నూనె, ఇవన్నీ అతని మాటల్లో వస్తాయి. ఇది కవి అతిశయోక్తి కావచ్చునని అనుకొనే వీలు లేకుండా తవ్వకాలు చేశాయి. 1910లో హార్వర్డు విశ్వవిద్యాలయం వారు షోమ్రోనులో సిరాతో రాసిన కుండపెంకులను బయటికి తీశారు. చదవదగినవి 60కి పైగా ఉన్నాయి. ఏ ఏట, ఏ ఊరి నుంచి, ఎవరి పేర పాత ద్రాక్షారసం వచ్చిందో, శుద్ధిచేసిన నూనె వచ్చిందో వాటిమీద పద్దు రాసి ఉంది. 1930ల తవ్వకాల్లో చెక్కుడు పని చేసిన దంతపు ముక్కలు వందలుగా దొరికాయి. పెంకుల మీద ఉన్నది గుమాస్తా లెక్క, ఆమోసు గ్రంథంలో ఉన్నది ఆ లెక్కకు రెండవ పక్క. పల్లెల నూనె పట్నం మేడలకు చేరింది. ఒకే కాలపు ఒకే ఆర్థిక వ్యవస్థకు రాజు తరఫు పత్రాలూ, పీడితుల తరఫు పత్రాలూ ఇలా ఎదురెదురుగా దొరకడం ప్రాచీన చరిత్రలో అరుదు.

ఆమోసు రెండవ అధ్యాయంలో ఒక అభియోగం ఉంది: సత్పురుషుణ్ని వెండికీ, దరిద్రుణ్ని ఒక జత చెప్పులకూ అమ్మేస్తున్నారని. హీబ్రూ మాట ‘నఅలయిమ్’. ‘అయిమ్’ అనేది ద్వివచన ప్రత్యయం, కనుక జోడు. తెలుగు బైబిలులో పాదరక్షలు అన్నారు. జోడు పోయింది, చెప్పూ పోయింది. చెప్పులు కుట్టే వాడలో ఈ వాక్యం ‘చెప్పుల జోడు’ అని వినబడి ఉంటే ఎలా ఉండేదో పాఠకులు ఊహించుకోవచ్చు. వ్యాఖ్యాతలు దీనికి రెండు అర్థాలు చెబుతారు. చెప్పుల వెలపాటి అప్పుకు మనిషిని బానిసగా పట్టుకొన్నారని ఒక అర్థం. రెండవది ఇంకా లోతైనది: రూతు కథలో నేల హక్కు చేతులు మారినప్పుడు చెప్పు విడిచి ఇవ్వడం ఆచారమని ఉంది. చెప్పు అంటే దస్తావేజు. అప్పుపత్రం మీద, దస్తావేజు మీద పేదవాడు అమ్ముడుపోయాడన్నమాట. మన పల్లెల్లో మాదిగ రైతుకు చెప్పులూ మోట తోలూ కుట్టిపెట్టి కళ్లంలో గింజలు తీసుకొనేవాడు. భూమి మాత్రం అతనిది కాదు. రెండు సమాజాలూ ఒకటే అనడం నా ఉద్దేశం కాదు. పాలస్తీనా కొండల రైతు అప్పుల పాలై నేల పోగొట్టుకొన్నవాడు. మన మాదిగకు పోగొట్టుకోవడానికి పట్టా అయినా లేదు.

యెషయా అయిదవ అధ్యాయంలో మరొక చోటు ఉంది. దేవుడు ‘మిష్పాత్’ ఆశిస్తే ‘మిస్పాహ్’ కనబడింది. ‘సెదాకా’ ఆశిస్తే ‘సెఆకా’ వినబడింది. మొదటి జంటలో న్యాయం, నెత్తురు. రెండవ జంటలో ధర్మం, మొర. అక్షరాలు పక్కపక్కన పెడితే దాదాపు ఒకటే. అర్థాలు బద్ధ విరోధులు. మన ఆలంకారికులు దీన్ని శ్లేష అనరు. యమకానికి దగ్గర చుట్టం అనవచ్చు. ధనికుడు నోటితో సెదాకా అంటుంటే పేదవాని చెవికి సెఆకా అని పడుతుందన్నది ఇందులోని చమత్కారం. తెలుగులో అర్థం వచ్చింది గాని ఈ దెబ్బ రాలేదు. రావడం ఏ అనువాదకుడి తరమూ కాదు. పైగా ‘సెఆకా’ ఊరికే ఏడుపు కాదు. ఐగుప్తులో బానిసలు పెట్టిన మొరకు నిర్గమకాండం వాడిన మాటే అది.

ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. ధర్మం ఏరులా పారాలని ఆమోసు అన్నచోట మాట ‘నహల్ ఏతాన్’. నహల్ అంటే వానాకాలం పొంగి వేసవికి ఎండే వాగు. ఏతాన్ అంటే ఎండనిది. తాడేపల్లిలో బ్యారేజి మీద నిలబడి కృష్ణను చూసే నావంటివాడికి ఇది వరద బీభత్సంలా తోస్తుంది. పల్నాటి వాగుల పక్కన చెలమలు తీసుకొన్నవాడికి అర్థమవుతుంది, ప్రవక్త అడిగినది పొంగు కాదనీ, వేసవిలో కూడా తడి ఉండటమనీ.

ఇక వంశం మాట. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు చక్రవర్తులు ఎఫ్రాయిము రాజ్యాన్ని జయించి జనాన్ని తరలించారు. సర్గోను శాసనం ప్రకారం తరలించినవారు 27,290 మంది. మిగిలినవారు అక్కడే ఉన్నారు. కొందరు యూదాకు వలసపోయారు. కనుక పది గోత్రాలు మూకుమ్మడిగా మాయం కావడం చరిత్ర కాదు, తరువాతి తరాల బాధ కట్టుకొన్న కథ. యెహెజ్కేలు యూదా కర్రనూ ఎఫ్రాయిము కర్రనూ ఒకటిగా పట్టుకొన్నది, తానూ బబులోనులో ప్రవాసిగా ఉండి జనానికి ఆశ చెప్పడానికి. అక్కడి నుంచి కాశ్మీరం మీదుగా చేబ్రోలు దాకా దారి గీయడానికి శాసనాధారం లేదు.

శ్మూయేల్ యాకోబి 2002లో వెలువరించిన ఇంగ్లీషు గ్రంథంలో ఈ కథకు విస్తృతమైన రూపం ఇచ్చాడు. తెలుగుకూ హీబ్రూకూ సంబంధం ఉందని ఆయన వాదన. భాషాశాస్త్రం దీనికి ఒప్పదు. అమ్మకు ‘ఏమ్’, అబ్బకు ‘ఆవ్’ అని పోలికలు చూపవచ్చు. కాని ఆ పసినోటి మాటలు లోకంలో ఎన్నో భాషల్లో అలాగే ఉంటాయి. తెలుగు ద్రావిడ భాష అని ఎల్లిస్ 1816లోనే చూపాడు. భాషాబంధుత్వానికి కావలసింది క్రమబద్ధమైన ధ్వనుల మార్పు, విడి మాటల పోలిక కాదు. అయినా నిజమైన దారి ఒకటి ఉంది, అది వర్తకుల దారి. సొలొమోను ఓడలు తెచ్చిన నెమళ్లకు రాజుల గ్రంథంలో ‘తుక్కీ’ అని ఉంది. దీన్ని తమిళ ‘తోకై’తో కాల్డ్వెల్ వంటివారు ముడిపెట్టారు, మన ‘తోక’ దానికి సోదరి. ఎస్తేరు గ్రంథంలో పారశీక రాజు తెరలకు వాడిన గుడ్డ ‘కర్పస్’; అది మన కార్పాసం, పత్తి. ఆ గ్రంథం మొదటి వాక్యంలోనే ‘హొద్దూ’ అని మన దేశం పేరుంది. ప్రత్తి నేల మీద పుట్టిన మనకు ఈ చుట్టరికం చాలదా?

వంశవాదంతో వచ్చే ప్రమాదం పాండిత్యానికి మాత్రమే సంబంధించింది కాదు. ప్రవచనాన్ని భూమి పట్టాగా చదివితే ఏమవుతుందో 1948లో ఇళ్లు విడిచిపోయిన పాలస్తీనా రైతులకు తెలుసు. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకొని ఇతరులకు చోటు లేకుండా చేసేవారిని శపించిన యెషయా గ్రంథమే ఆ పట్టాకు సాక్ష్యంగా చూపబడుతోంది! ఇది కొత్తరెడ్డిపాలెం కూలీల మీద మోపవలసిన నేరం కాదు. వారికి ఇశ్రాయేలు గుర్తింపు కూడా రాలేదు; ఈశాన్యంలోని బ్నే మెనాషేలను అక్కడి ప్రధాన రబ్బీ 2005లో గుర్తించాడు, వీరిని గుర్తించలేదు.

మరి వారు ఈ దారి ఎందుకు పట్టారు? గొడ్డుమాంసం తినడం, శవాన్ని పూడ్చడం తమ పూర్వులు ఇశ్రాయేలీయులన్నదానికి గుర్తులని వారు చెబుతారు. దీన్ని తేలికగా తీసుకోకండి. కులం దేన్ని అంటుకు కారణమని చూపిందో దాన్నే వారు వంశమర్యాదకు సాక్ష్యం చేశారు. మా ఊరికి ఏటి అవతల బెజవాడలో 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ ‘ఆది ఆంధ్ర’ అనే పేరు చేపట్టినప్పుడు చేసింది కూడా ఇటువంటి పనే. 1956లో నాగపూరులో అంబేద్కరు బౌద్ధం స్వీకరించినప్పుడు పూర్వకాలపు బౌద్ధులనే చరిత్రను తన ప్రజలకు ముందే సిద్ధం చేసి ఉంచాడు. క్రైస్తవం ఆ పనిని సగంలో వదిలింది. చర్చిలోకీ కులం వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ని షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తప్పించింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. 1985లో కారంచేడులో మాదిగలను, 1991 ఆగస్టు 6న చుండూరులో మాలలను నరికి చంపారు. సినగాగు వెలిసిన ఏడూ అదే, జిల్లా అదే. కారణకార్య సంబంధం అంటగట్టను. ఆ ఏటి గాలి ఎటువంటిదో గుర్తుచేస్తున్నాను. కొత్త పూర్వుల కోసం వెతికేవారిని చూసి నవ్వే హక్కు, పాత పూర్వుల పేరు చెప్పుకొని కూర్చున్న మనకు లేదు.

అయితే వారు పట్టుకొన్న గ్రంథమే వంశం గురించి ఏమంటున్నదో చూడాలి. ‘హీబ్రూ’ అనే మాటకు మూలం ‘ఇవ్రీ’. క్రీ.పూ. 14వ శతాబ్దపు అమర్నా లేఖలలో ‘హబిరు’ అనేవారు కనబడతారు. వారిది ఒక జాతి కాదు; అప్పులకూ వెట్టికీ తాళలేక ఊళ్లు విడిచి కొండలు పట్టినవారు. ఈ రెండు మాటలూ ఒకటేనా అన్నదానిపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. కాని 1962లో మెండెన్‌హాల్, 1979లో మార్క్సును చదువుకొన్న గాట్వాల్డ్ వాదించిన ప్రకారం, ఇశ్రాయేలు అనేది రక్తసంబంధం మీద పుట్టలేదు. కనాను నగరరాజులపై తిరగబడిన రైతులూ పారిపోయినవారూ కూడి కట్టుకొన్న కూటమి అది. తరువాతి తవ్వకాలు తిరుగుబాటు అనే భాగాన్ని బలపరచకపోయినా, ఆ జనం చాలామంది కనానువారేనన్న మాటను బలపరచాయి.

ఆమోసు గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులను, మీరు నాకు కూషీయుల వంటివారే కదా అని అడుగుతాడు. మిమ్మల్ని ఐగుప్తు నుంచి తెచ్చినట్టే ఫిలిష్తీయులనూ సిరియనులనూ వారి వారి చోట్ల నుంచి తేలేదా అంటాడు. ఎఫ్రాయిము రాజ్యంలో నిలబడి ఎఫ్రాయిము వారితోనే చెప్పిన మాట ఇది. హోషేయ తన బిడ్డకు ‘లోఅమ్మీ’ అని పేరు పెట్టాడు. ‘లో’ అంటే కాదు, ‘అమ్మీ’ అంటే నా జనం. తెలుగు బైబిలులో ఆ పేరును అలాగే ఉంచారు, కనుక ఏ పల్లె చర్చిలో చదివినా అది హీబ్రూలోనే వినబడుతుంది. తరువాతి అధ్యాయంలో ఆ ‘లో’ తీసివేయబడుతుంది. అక్కడ ఎవరి రక్తమూ పరీక్షించలేదు.